ఫైబర్ తెప్పకి అతుకు వేయడం: రెసిన్ కలపడం నుంచి బ్రష్ కడిగి ఆరేసేదాకా

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే తెప్పలన్నీ ఇసుక మీదికి చేరతాయి. జూన్ 14 దాకా 61 రోజులు. బారువ, భావనపాడు, కళింగపట్నం, ఇటు విజయనగరం వైపు చింతపల్లి, ముక్కాం, ఎక్కడ చూసినా చిల్లులు, పగుళ్లు చూసుకునే రోజులివి. అప్పుడు నన్ను అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. అతుకు ఎందుకు ఊడొచ్చింది? కొత్త బ్రష్ ఒక్క పూటకే ఎందుకు కర్రలా బిగిసిపోయింది?

రెండూ టైం దగ్గరే తేడా కొడతాయి. కాటలిస్ట్ (రెసిన్‌ని గట్టిపడేలా చేసే ద్రవం) పడ్డాక రెసిన్ మనకిచ్చేది ఇరవై నిమిషాలో, అరగంటో. అందులోనే పూయాలి, రోలర్ తిప్పాలి, బ్రష్ కూడా కడగాలి. కడగడం పనయ్యాక చూసుకుందాం అనుకుంటే బ్రష్ పోతుంది. ఆరబెట్టడం, అరగదీయడం తొందరగా కానిచ్చేస్తే అతుకు పోతుంది.

అరచేయంత చిల్లులు, చిన్న పగుళ్లు ఇంట్లోవాళ్లు బాగుచేసుకునే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. తెప్ప వెన్ను విరిగినా, ఇంజిన్ బిగించే చోటు కదిలినా బోట్లు కట్టేవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి.

1. ముందు మీ చేతిలో ఉన్నది ఏ రెసిన్?

మన దగ్గర తెప్పలకి వాడేది ఎక్కువగా పాలియెస్టర్ రెసిన్. ఎపాక్సీ వేరు. దాని హార్డ్‌నర్ వేరు, పాళ్లు వేరు. కింద రాసిన లెక్కలన్నీ పాలియెస్టర్‌కే. ఎపాక్సీ అయితే డబ్బా మీద రాసిన పాళ్లే పాటించాలి.

పాలియెస్టర్‌లో జనరల్ పర్పస్ రకం చవక. ఐసో రకం కాస్త ఖరీదు, ఉప్పునీటికి బాగా ఓర్చుకుంటుంది. నీళ్లలో మునిగే భాగానికి ఐసోనే కొనమంటాను. అతుక్కి పట్టేది తక్కువే కాబట్టి తేడా పెద్దగా పడదు.

కొనేటప్పుడు షాపులో తప్పకుండా అడగాల్సింది ఒకటుంది: ఇందులో కోబాల్ట్ (రెసిన్ గట్టిపడడాన్ని తొందరపెట్టే మందు) ముందే కలిపారా, మనం కలుపుకోవాలా? కలిపిన రెసిన్ చాలాసార్లు గులాబీ, ఊదా ఛాయలో ఉంటుంది కానీ రంగు చూసి తేల్చేయకండి. అడిగి తెలుసుకుని డబ్బా మీద పెన్నుతో రాసిపెట్టండి.

కదిపితే బెల్లం పాకంలా తీగ సాగుతున్నా, లోపల ఉండలు కనిపించినా అది పాతబడిన సరుకు. అతుక్కి పనికిరాదు.

2. కోబాల్ట్‌నీ కాటలిస్ట్‌నీ నేరుగా కలపకండి

మిగతాదంతా మరిచిపోయినా ఇది మాత్రం గుర్తుంచుకోండి. ఈ రెండూ నేరుగా కలిస్తే మంటలు లేస్తాయి, పేలుతుంది కూడా. ఎప్పుడైనా ముందు రెసిన్‌లో కోబాల్ట్ వేసి బాగా కలపాలి. పూయబోయే ముందు మాత్రమే కాటలిస్ట్ వేయాలి. రెంటికీ వేరు వేరు సిరంజీలు, వేరు వేరు సంచులు. ఒక దానిలో వాడిన పుల్ల రెండోదానిలో పెట్టకూడదు.

కాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. అందుకే కళ్లద్దాలు లేకుండా ఆ సీసా మూత తీయకూడదు. పొరపాటున పడితే రెప్పలు తెరిచి పట్టుకుని ధారగా మంచినీళ్లతో కనీసం 15 నిమిషాలు కడగాలి. వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కాటలిస్ట్ తీసే ముందే పక్కన బిందెడు నీళ్లు పెట్టుకోండి.

ఇక ఎసిటోన్. దాని ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతూ పోతుంది. పది అడుగుల అవతల ఎవరో బీడీ ముట్టించినా అంటుకోవచ్చు. పొయ్యి, బీడీ, గ్రైండర్ నిప్పురవ్వలు, ఏవీ దగ్గర ఉండకూడదు. పిల్లల్ని అటు రానివ్వకండి.

3. దగ్గర పెట్టుకోవాల్సినవి

- రెసిన్, కోబాల్ట్ (ముందే కలపకపోతే), కాటలిస్ట్
- 450 గ్రాముల మ్యాట్ (గాజు పీచు పట్టా, చదరపు మీటరుకి 450 గ్రాములు తూగేది)
- గ్రాముల్లో చూపించే చిన్న డిజిటల్ తూకం
- 5 మి.లీ. ప్లాస్టిక్ సిరంజీలు రెండు, ఒకదానిమీద "కో", ఇంకోదానిమీద "కా" అని రాసి
- వంగే రకం ప్లాస్టిక్ మగ్గులు (థర్మకోల్ కప్పులు వద్దు, రెసిన్‌కి కరిగిపోతాయి)
- రంగు వేయని కర్ర పిడి ఉన్న బ్రష్‌లు, 2 అంగుళాలవి రెండు
- గాలి బుడగలు తీసే గాడుల ఇనుప రోలర్
- గ్రైండర్, 40 గ్రిట్ డిస్క్, 80 గ్రిట్ ఎమరీ కాగితం
- ఎసిటోన్, మూతలున్న రేకు డబ్బాలు మూడు
- రంగు వదలని తెల్ల నూలుగుడ్డలు, పాత న్యూస్‌పేపర్లు
- గ్లవ్స్, కళ్లద్దాలు, దుమ్ముకి ఎన్95 మాస్క్, రెసిన్ ఆవిరికి కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్

ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే వాసన కాస్త తగ్గినట్టు అనిపిస్తుందే కానీ ఆవిరి ఆగదు. గాలి ఆడేచోట పని చేయండి, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి.

4. ఆరబెట్టడం

నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో మా చిన్నాన్న తెప్పకి పక్కన చిల్లు పడితే, పొద్దున ఒడ్డుకి లాగిన తెప్పకి సాయంత్రమే అతుకు వేసేశాను. చేత్తో తడిమితే పొడిగానే ఉంది. మూడో రోజుకి అతుకు మొత్తం అప్పడంలా లేచి వచ్చింది. కింద తెల్లగా, చెమ్మగా ఉంది. "పైన ఆరింది నిజమేరా, లోపల సముద్రం అలాగే ఉంది గదా," అన్నాడాయన. ఆ తర్వాత ఎంత తొందర ఉన్నా ఆరబెట్టడంలో ఒక్క రోజు కూడా తగ్గించలేదు.

ముందు దెబ్బ తగిలిన చోటు, చుట్టూ ఒక మూర మేర, మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. ఉప్పు గాల్లోని తేమని లాక్కుంటుంది. ఉప్పు మిగిలితే ఎన్ని రోజులు ఎండబెట్టినా చెమ్మ మళ్లీ చేరుతుంది.

లోపల ఫోమ్ ఉన్న తెప్ప అయితే చిల్లులోంచి నీళ్లు లోపలికి దిగి ఉంటాయి. తెప్పని వాల్చి, అన్నిటికన్నా దిగువన చిన్న బెజ్జం వేసి నీళ్లు కారిపోనివ్వాలి. ఆ బెజ్జం చివర్లో మూసుకోవచ్చు. నానిపోయిన ఫోమ్‌ని గీకి తీసేయాలి, అది ఆరదు.

ఆరిందో లేదో ఇలా చూడండి. ఆ చోటు మీద జానెడు పాలిథిన్ కవరు పరిచి నాలుగు వైపులా టేపు గట్టిగా అంటించండి. మధ్యాహ్నం మూడు నాలుగు గంటలు ఎండలో వదిలేయండి. కవరు లోపలి వైపు ఆవిరి పట్టినా, చిన్న చుక్కలు కనిపించినా ఇంకా ఆరలేదు. రెండు రోజుల తర్వాత మళ్లీ చూడండి. మేలో మామూలు చిల్లుకి నాలుగైదు రోజులు పడుతుంది. ఫోమ్ నానిన తెప్ప అయితే, ఆ ఫోమ్ తీసేశాక కూడా వారం పైనే.

5. అరగదీయడం, వాలు తీయడం

చిల్లు అంచున వదులైన పీచు, పగిలిన ముక్కలు అన్నీ కోసేయండి. గట్టి ఫైబర్ తగిలేదాకా వెనక్కి వెళ్లాలి. చిల్లు పెద్దదవుతుందని భయపడొద్దు.

తర్వాత చుట్టూ వాలు తీయాలి, ఇత్తడి పళ్లెం అంచులా. కొలత ఏమిటంటే, మందానికి 12 రెట్లు. తెప్ప పక్క మందం 5 మి.మీ. అయితే అంచు నుంచి చుట్టూ 6 సెం.మీ. మేర వాలు రావాలి. అంటే 10 సెం.మీ. చిల్లుకి అతుకు 22 సెం.మీ. అవుతుంది. ఇంత ఎందుకంటారు చాలామంది. అతుకు నిలిచేది ఆ వాలు మీదే. వాలు లేకుండా పైన మూతలా అంటించిన అతుకు అంచు దగ్గర మొదలై ఊడిపోతుంది.

పెయింట్, జెల్‌కోట్ (తెప్ప పైన ఉండే నున్నటి రెసిన్ పూత), పాత మైనం అంతా పోయి మట్టి రంగు ఫైబర్ కనిపించాలి. ఎక్కడైనా మెరుపు మిగిలితే అక్కడ రెసిన్ పట్టదు.

దుమ్ముని ముందు పొడి బ్రష్‌తో దులపండి. ఆ తర్వాత గ్రైండర్ ప్లగ్ తీసి, దూరంగా పెట్టేశాకే ఎసిటోన్ గుడ్డతో ఒక్క వైపుకే తుడవండి. గుడ్డ మారుస్తూ రెండుసార్లు. కిరోసిన్, పెట్రోల్ వాడకండి, జిడ్డు మిగులుతుంది. తుడిచాక వేళ్లు తగలనివ్వకూడదు. చేతి చెమట కూడా జిడ్డే.

ఒంటికి గాజు పీచు గుచ్చుకుని దురద పెడితే రుద్దకండి. ముందు చన్నీళ్లు ధారగా పోసుకోండి, తర్వాత సబ్బు.

6. వెనక ఆధారం

చిల్లు అవతలి వైపు చేయి పోతే, అట్టముక్కకి బ్రౌన్ టేపు చుట్టి వెనక నుంచి బిగించండి. టేపుకి రెసిన్ అంటదు, తర్వాత లాగేయొచ్చు.

వెనక థర్మకోల్ ఉంటే మాత్రం జాగ్రత్త. పాలియెస్టర్ రెసిన్ థర్మకోల్‌ని తినేస్తుంది. రెసిన్ పోసిన చోట గుంట పడి, మ్యాట్ లోపలికి దిగిపోతుంది. థర్మకోల్ కనిపించేచోట బ్రౌన్ టేపు రెండు వరసలు పూర్తిగా కప్పేసి అప్పుడు మొదలుపెట్టండి. టేపు అంచు వాలు మీదికి రాకూడదు.

7. మ్యాట్ కోత, రెసిన్ లెక్క

450 మ్యాట్ ఒక పొర తడిసి గట్టిపడితే సుమారు 1 మి.మీ. మందం వస్తుంది. 5 మి.మీ. పక్కకి 5 పొరలు. పై ఉదాహరణ చిల్లుకి 12, 14.5, 17, 19.5, 22 సెం.మీ. వెడల్పున అయిదు గుండ్రటి ముక్కలు. అన్నీ ముందే కోసి, వేసే వరస ప్రకారం పేర్చి, అంకెలు రాసుకోవాలి. రెసిన్ కలిపాక కత్తెర పట్టుకోకూడదు.

ఈ అయిదూ కలిపి తూస్తే 53 గ్రాముల దాకా వస్తాయి. మ్యాట్ బరువుకి రెండుంబావు రెట్లు రెసిన్ కావాలి, అంటే 120 గ్రాములు. ముందు పూసే తడి, బ్రష్‌కి పట్టుకునేది కలిపి 160 గ్రాములు చాలు.

8. కలపడం

టైం చూసుకోండి. తెల్లవారుజామున మంచు పడుతుంది, మధ్యాహ్నం ఎండకి తెప్ప కాలిపోతుంది, సాయంత్రం సముద్రపు గాలి చెమ్మ తెస్తుంది. మంచు ఆరాక 8 నుంచి 11 మధ్య, పైన టార్పాలిన్ నీడ కట్టుకుని చేస్తే బాగుంటుంది. వర్షాకాలం తెరిపి చూసి చేసిన అతుకుల మీద నాకు నమ్మకం లేదు.

పాళ్లు 160 గ్రాముల రెసిన్‌కి:

- కోబాల్ట్: షాపువాళ్లు చెప్పిన పాళ్లలో. 1 శాతం అయితే 1.6 గ్రాములు
- కాటలిస్ట్ 1 శాతం: 1.6 గ్రాములు, సిరంజీలో సుమారు 1.5 మి.లీ.
- కాటలిస్ట్ 1.5 శాతం: 2.4 గ్రాములు, సుమారు 2.2 మి.లీ.
- కాటలిస్ట్ 2 శాతం: 3.2 గ్రాములు, సుమారు 2.9 మి.లీ.

మే నెలలో నేను 1 శాతమే వేస్తాను. డిసెంబరు, జనవరి పొద్దుటిపూట 1.5 నుంచి 2. ఎండ మండుతోందని 1 కన్నా తగ్గించకండి, పైకి గట్టిపడినట్టే ఉంటుంది కానీ లోపల పచ్చిగా ఉండిపోతుంది. 2 దాటితే పెళుసుబారుతుంది. మూతతో, అందాజుగా పోయడం మానేయండి. ఇంత చిన్న కలుపులో అర మి.లీ. తేడా కూడా పెద్దదే.

అసలు పనికి ముందు 50 గ్రాముల రెసిన్‌తో పరీక్ష చేయండి. కాటలిస్ట్ వేసిన టైం రాసుకుని, ఎన్ని నిమిషాలకి జెల్లీలా అవుతుందో చూడండి. ఇరవై అయిదు నిమిషాలు వచ్చిందనుకోండి, మీకు పనికొచ్చేది ఇరవయ్యే. చివరి అయిదు నిమిషాలు బ్రష్‌వి, రోలర్‌వి.

కాటలిస్ట్ వేశాక అడుగు, పక్కలు గీకుతూ పూర్తిగా ఒక నిమిషం కలపాలి. నురగ వచ్చేలా చిలక్కూడదు, బుడగలు చేరతాయి. పల్చగా ఉంటే బాగుండునని ఎసిటోన్ గానీ థిన్నర్ గానీ పోయకండి. అలా కలిపిన అతుకు ఎప్పటికీ గట్టిగా రాదు.

9. పొరలు వేయడం

1. ముందు వాలు మీద రెసిన్ పల్చగా పూయండి.

2. చిన్న ముక్క పరచండి. బ్రష్‌తో పొడుస్తూ తడపండి. గోడకి సున్నం వేసినట్టు లాగితే పీచు కదిలిపోతుంది. తెల్లటి మ్యాట్ మెల్లగా తడి పంచెలా పారదర్శకం అవుతుంది. ఎక్కడైనా తెల్ల మచ్చ మిగిలితే అక్కడ ఇంకో చుక్క.

3. రోలర్‌ని మధ్య నుంచి అంచుకి తిప్పండి. చిటచిటమని చిన్న శబ్దం వస్తుంది, అవి బుడగలు పగులుతున్న చప్పుడు. శబ్దం ఆగేదాకా తిప్పాలి. గట్టిగా నొక్కనక్కర్లేదు.

4. తర్వాతి పెద్ద ముక్క. ఇలా అయిదూ. అయిదారు పొరలకన్నా ఎక్కువ ఒకేసారి వేయకండి, వేడెక్కి పగులుతుంది. ఇంకా మందం కావాలంటే వేడి తగ్గాక మళ్లీ మొదలుపెట్టండి.

5. మగ్గు చేతికి వెచ్చగా తగిలినా, రెసిన్ తీగ సాగినా వెంటనే ఆపేయండి. ఆ రెసిన్‌ని బలవంతంగా పూస్తే ఉండలు కడుతుంది.

అతుకు లేత కొబ్బరిలా అయ్యాక, పూర్తిగా బిగియకముందే, అంచున వేలాడే పీచుని పదునైన కత్తితో కోసేయొచ్చు. గట్టిపడ్డాక అదే పనికి గ్రైండర్ కావాలి.

10. బ్రష్, రోలర్ కడగడం

మూడు డబ్బాల పద్ధతి. డబ్బాల మీద 1, 2, 3 అని రాయండి. ఒకటో డబ్బాలో పాత ఎసిటోన్, రెండులో కాస్త మాసినది, మూడులో కొత్తది. పని మొదలుపెట్టే ముందే మూడూ నీడలో, చేతికందే దూరంలో ఉండాలి.

బ్రష్‌ని మగ్గు అంచుకి గట్టిగా రాసి రెసిన్ అంతా దింపండి. న్యూస్‌పేపర్ మడతలో పెట్టి పిండండి. ఎంత పిండితే అంత ఎసిటోన్ మిగులుతుంది.

ఒకటో డబ్బాలో ముంచి, అడుగున నొక్కుతూ వెంట్రుకలు విచ్చుకునేలా తిప్పండి. రెసిన్ దాక్కునేది పైన కాదు, వెంట్రుకలు రేకు పట్టీలోకి దూరే మొదట్లో. అక్కడ గ్లవ్ వేసుకున్న వేళ్లతో విడదీస్తూ కడగాలి. పేపర్ మీద పిండి రెండో డబ్బా, మళ్లీ పిండి మూడో డబ్బా. మూడులోంచి తీసినప్పుడు వేళ్లకి జిగురు తగలకూడదు. తగిలితే మళ్లీ రెండుకి వెళ్లాలి.

ఆ తర్వాత బట్టల సబ్బు నీళ్లలో ఉతికి, మంచినీళ్లలో జాడించి, వెంట్రుకలు కిందికి ఉండేలా వేలాడదీయండి. పూర్తిగా ఆరితేనే మళ్లీ వాడాలి. తడి బ్రష్ రెసిన్‌లో పెడితే ఆ రెసిన్ పాడవుతుంది. రెండు బ్రష్‌లు కొనమన్నది ఇందుకే.

రోలర్‌ని ఒకటో డబ్బాలో వదిలేయకుండా ఆడిస్తూ కడగండి, గాడుల మధ్య పీచు ఇరుక్కుంటుంది. పాత టూత్‌బ్రష్‌తో గాడి గాడికీ తోమి, ఇరుసు దగ్గర కూడా చూసి, ఆరాక ఒక చుక్క నూనె వేయండి. మళ్లీ వాడే ముందు ఆ నూనె ఎసిటోన్ గుడ్డతో తుడిచేయాలి. మధ్యలో రోలర్‌ని ఎసిటోన్‌లో ముంచి మళ్లీ వాడాల్సి వస్తే బాగా విదిలించి, గుడ్డకి అద్ది వాడండి. ఎసిటోన్ పొరల్లోకి దిగకూడదు.

మగ్గులు కడగనక్కర్లేదు. అడుగున మిగిలినది గట్టిపడ్డాక పక్కలు వంచితే పెచ్చులా ఊడి వచ్చేస్తుంది.

కాటలిస్ట్ సిరంజీని ఎసిటోన్‌తో కడగకండి. ఆ రెండూ కలవడం ప్రమాదం. నీళ్లతో కడిగి విడిగా ఆరబెట్టండి.

చేతుల్ని కూడా ఎసిటోన్‌తో కడగకండి. మామూలు పల్చటి గ్లవ్స్‌లోంచి కూడా అది తొందరగా దిగిపోతుంది, తడిస్తే మార్చేయాలి. చర్మానికి రెసిన్ అంటితే గుడ్డతో తుడిచి, కొబ్బరినూనె రాసి, సబ్బుతో కడుక్కోండి.

మురికి ఎసిటోన్‌ని మూత పెట్టి రెండు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి కిందికి దిగుతుంది. పైన తేరిన దాన్ని ఒకటో డబ్బాలోకి వంచుకోవచ్చు. మడ్డిని నిప్పుకి దూరంగా ఆరుబయట గట్టిపడనిచ్చి అప్పుడు పారేయాలి. ఇసుకలో పోయకండి, సముద్రంలో కలపకండి. వలలు లాగేవాళ్లు చెప్పుల్లేకుండా నడిచే ఇసుక అది, తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డు అది. ఫైబర్ పెచ్చులు, కోసిన పీచు అంతా గోనెసంచిలోకి ఏరండి. కాల్చకండి, ఆ పొగ ఊపిరితిత్తులకి చేటు.

రెసిన్ గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే లోపల వేడెక్కి అంటుకోవచ్చు. విడివిడిగా పరచి, గట్టిపడ్డాకే సంచిలో వేయండి.

11. తేడా వస్తే

పైన జిగురుగా ఉండిపోయింది. గాలి తగిలే పైపొర పాలియెస్టర్‌లో ఎప్పుడూ కాస్త జిగురుగానే ఉంటుంది, లోపల గట్టిగా ఉంటే చాలు. ఆఖరి కోటుకి మైనం కలిపిన టాప్‌కోట్ వేస్తే ఆ జిగురు పోతుంది. పొరల మధ్యలో మాత్రం మైనం ఉన్నది వేయకూడదు, పై పొర పట్టదు.

మర్నాటికీ గోరు దిగుతోంది. కాటలిస్ట్ తక్కువ పడింది, లేదా సరిగ్గా కలవలేదు. రోజంతా ఎండ తగలనిచ్చి చూడండి. అప్పటికీ మెత్తగా ఉంటే మొత్తం గీకి తీసేయడమే. పైన కాటలిస్ట్ ఎక్కువ కలిపిన రెసిన్ పూస్తే కింద పచ్చి పచ్చిగానే ఉంటుంది.

మగ్గులోంచి పొగ వస్తోంది. ఎక్కువ రెసిన్ లోతైన మగ్గులో ఉండి వేడెక్కింది. ఆవిరి పీల్చకుండా ఆరుబయట ఇసుక మీద పెట్టి దూరంగా జరగండి. ఈసారి కలుపు చిన్నదిగా చేసి వెడల్పు పళ్లెంలో పోసుకోండి.

తెల్ల మచ్చలు, బుడగలు. రూపాయి బిళ్లకన్నా చిన్నవైతే 80 గ్రిట్‌తో విప్పి, నింపి, పైన ఒక పొర వేయండి. పెద్దవైతే ఆ పొర తీసేయాలి.

ఒక రోజు దాటాక ఇంకో పొర వేయాలి. 80 గ్రిట్‌తో మెరుపు పోయేదాకా గరుకు చేసి, ఎసిటోన్‌తో తుడిచి వేయండి.

12. నీళ్లలోకి దింపే ముందు

కనీసం మూడు రోజులు ఆగాలి. నేనైతే వారం ఆగుతాను, నిషేధం రోజుల్లో తొందరేముంది. పైన గ్రైండ్ చేసి నునుపు చేశాక టాప్‌కోట్ వేయండి. నీళ్లు తీయడానికి వేసిన బెజ్జం మూయడం మరిచిపోవద్దు.

రూపాయి బిళ్లతో అతుకు అంతా కొట్టి వినండి. టక్ టక్ అని ఒకేలా వినిపిస్తే పట్టింది. ఎక్కడైనా డబ్ మని బోలుగా వస్తే పెన్సిల్‌తో గుండ్రం చుట్టి, ఆ మేరకి విప్పి మళ్లీ వేయండి.

మొదటి వేట నుంచి తిరిగొచ్చిన రోజు, తెప్ప ఇంకా తడిగా ఉండగానే అతుకు అంచు వెంట వేలితో రాస్తూ చుట్టూ చూడండి. చుట్టుపక్కల ఆరిపోయాక కూడా అంచులో ఒక సన్నటి తడి గీత మిగిలితే అక్కడ నీరు దూరుతోందని అర్థం. ఆ చోటు ఎక్కడుందో అప్పుడే గుర్తు పెట్టుకోండి, ఎండాక కనిపించదు.